ఫాసియా, మచ్చల మీద చేత్తో చేసే థెరపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఆపరేషన్ మచ్చ పట్టేసినట్టుంది, ఎవరో ఫాసియా థెరపీ చేయించుకోమన్నారు, అసలు అదేంటండీ?" అంటూ మొదలయ్యే ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాను. చెప్పిందే చెప్పడం నాకు విసుగేమీ కాదు. కాకపోతే ఫోన్లో హడావిడిగా చెప్తే ముఖ్యమైన మాట ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది, అది పెట్టేశాక గుర్తొస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఫాసియా అంటే ఏంటి? కండరమా, నరమా?

రెండూ కాదు. చర్మం కింద మొదలై కండరాల చుట్టూ, వాటి లోపలి పోగుల మధ్య, నరాలు, రక్తనాళాలు, లోపలి అవయవాల చుట్టూ తెగకుండా సాగే పొరల అల్లిక అది. ఎక్కువ భాగం కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు, కొంచెం సాగే గుణమున్న ఎలాస్టిన్, బోలెడంత నీరు. కొన్నిచోట్ల సాలెగూడంత పలుచగా ఉంటుంది, అరికాలిలో, తొడ బయటివైపు, నడుము వెనక మాత్రం పట్టీలా మందంగా ఉంటుంది. పొరకీ పొరకీ మధ్య హయలురోనన్ అనే జారుడు పదార్థం ఉంటుంది, మీరు చెయ్యి పైకెత్తినప్పుడు లోపల పొరలు ఒకదాని మీద ఒకటి సాఫీగా జారేది దానివల్లే. వైద్య విద్యలో శరీరాన్ని కోసి చూపించేటప్పుడు కండరం బాగా కనబడాలని చాలాకాలం ఈ పొరల్ని గీకి పక్కన పడేసేవాళ్లు. దీని మీద మొదటి అంతర్జాతీయ పరిశోధన సదస్సు 2007లో, బోస్టన్‌లో జరిగింది. అంత కొత్త రంగం, కాబట్టి ఇక్కడ గట్టిగా తేలిన విషయాలతో పాటు ఉత్త ఊహలు కూడా చాలానే తిరుగుతుంటాయి.

మచ్చ అంటే చర్మం మీద గీతే కదా, దానివల్ల కదలిక ఎందుకు పట్టేస్తుంది?

పైకి కనిపించేది గీతే. కత్తి ఎంత లోతుకి వెళ్లిందో మచ్చ కూడా అంత లోతుకి ఉంటుంది. గాయం మానేటప్పుడు శరీరానికి అందం, వరస పట్టవు, ముందు కంత మూసెయ్యాలి, అంతే. అందుకని కొలాజెన్‌ని దొరికిన దిక్కుకల్లా పేర్చేస్తుంది, విడివిడిగా జారాల్సిన పొరల్ని కలిపి అతికేస్తుంది. చొక్కా చిరిగినచోట లోపలి గుడ్డతో కలిపి మందంగా కుట్టేశారనుకోండి, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ కుట్టు చుట్టూ బట్టంతా లాగుతుంది, ఇదీ అంతే. అలాగని ఒంట్లో ఉన్న ప్రతి నొప్పినీ పాత మచ్చ ఖాతాలో వెయ్యకండి. చిన్నప్పటి మోకాలి దెబ్బే మీ తలనొప్పికి మూలమని ఎవరైనా చెప్తే నేనైతే నమ్మను.

ఇది మామూలు మసాజేనా? పేరు మార్చి చెప్తున్నారా?

ఈ అనుమానం సబబే, పేర్లు నిజంగానే చాలా ఉన్నాయి. మామూలు మసాజ్‌లో నూనె రాసి చెయ్యి జారిస్తారు. ఇందులో నూనె దాదాపు ఉండదు. చర్మాన్ని, కింది పొరని కలిపి పట్టుకుని, ఒక దిక్కుకి నెమ్మదిగా లాగి, బిగుతు తగిలినచోట ఆగి, అది వదిలేదాకా నిమిషం, రెండు నిమిషాలు అలాగే ఉంచుతారు. పద్ధతి పాతదే. ఎలిజబెత్ డిక్కే అనే జర్మన్ ఫిజియోథెరపిస్ట్ 1929లో తన కాలి జబ్బుకీ నడుము నొప్పికీ తనే నడుము మీద చర్మాన్ని లాగి చూసుకుంటూ దీనికి ఒక రూపం తెచ్చింది. అమెరికాలో బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ చేసిన ఐడా రాల్ఫ్ 10 సిట్టింగ్‌ల వరస ఒకటి తయారుచేసింది, ఇప్పటికీ ఆమె పేరుతోనే నడుస్తోంది. ఇలాంటి పనికి ఇప్పుడు ఎక్కువగా వినిపించే మయోఫాసియల్ రిలీజ్ (కండరాన్ని, ఫాసియాని వదులు చెయ్యడం) అనే మాట ఆ తర్వాతది.

పని చేస్తుందని రుజువుందా, లేక నమ్మకమేనా?

ఉంది, కానీ మీరు ఆశించినంత బలంగా లేదు. మచ్చల మర్దన మీద 2012లో వచ్చిన ఒక సమీక్ష 10 పేపర్లని, వాటిలోని 144 మందిని కలిపి చూసింది. సగానికి కొంచెం తక్కువ మందిలో మెరుగు కనిపించింది, ఆపరేషన్ మచ్చల్లో ఫలితం బాగుంది, కాలిన మచ్చల్లో అంత లేదు. ఆ పరిశోధనలు చిన్నవి, ఒక్కొక్కరు ఒక్కోలా మర్దన చేశారు, ఒక్కోలా కొలిచారు, కాబట్టి రుజువు బలహీనమేనని అదే సమీక్ష తేల్చింది. నొప్పి, దురద, బిగుతు తగ్గడం నేను తరచుగా చూస్తాను. మచ్చ మాయమవడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఎన్ని సిట్టింగ్‌లు పడతాయి?

నాలుగైదు సిట్టింగ్‌ల్లో ఏదో ఒక తేడా, అంటే చెయ్యి కాస్త ఎక్కువ లేవడమో, రాత్రి నొప్పి తగ్గడమో కనిపించకపోతే అదే పని మళ్లీ మళ్లీ చేయించుకోవడంలో అర్థం లేదు. ముందే పాతికకి డబ్బు కట్టమంటే కట్టకండి.

## గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు

ఆపరేషన్ అయిన ఎన్ని రోజులకి మచ్చ మీద చెయ్యి వెయ్యొచ్చు?

కుట్లు తీసేసి, పెచ్చులన్నీ వాటంతటవే రాలిపోయి, ఎక్కడా తడి, రసి లేకుండా చర్మం పూర్తిగా మూసుకున్నాక. మామూలుగా అది రెండు మూడు వారాల తర్వాత మాట, అదీ ఆపరేషన్ చేసిన డాక్టర్ సరేనన్నాకే. ఎందుకింత జాగ్రత్త అంటే, మొదటి వారం చివర్లో గాయానికి మామూలు చర్మపు బలంలో 3 శాతమే ఉంటుంది. మూడు వారాలకి 20 నుంచి 30 శాతం వస్తుంది, మూడు నెలలకి 80 దాకా చేరి అక్కడే ఆగుతుంది, నూటికి నూరు ఎప్పటికీ రాదు. పైకి మూసుకున్నట్టు కనిపించినా లోపల ఇంకా కడుతూనే ఉంటుందన్నమాట. ఈలోపు మచ్చని వదిలేసి దాని చుట్టుపక్కల, నాలుగు వేళ్ల దూరంలో మెల్లగా నిమురుకోవడం, డాక్టర్ చెప్పినంత మేర కీలు కదుపుకోవడం చాలు.

సిజేరియన్ అయి నెల అయింది, పొట్ట మీద మర్దన మొదలుపెట్టొచ్చా?

ఇంకో రెండు వారాలు ఆగండి. ఆరు వారాల చెకప్‌లో డాక్టర్ చూసి బాగుందన్నాక మొదలుపెడితే తొందర పడినట్టూ కాదు, ఆలస్యం చేసినట్టూ కాదు. బయట ఒక్క గీతే కనిపించినా లోపల చర్మం, కొవ్వు, ఫాసియా, పొట్ట లోపలి పొర, గర్భసంచి అన్నీ మానాలి. మొదట్లో మచ్చకి పైన, కింద అరచేతిని ఆనించి ఊపిరి తీసుకుంటూ ఊరికే ఉంచండి. చాలామందికి మచ్చ పైన తిమ్మిరిగా, మొద్దుగా ఉంటుంది, ముట్టుకోవాలంటేనే అదోలా ఉంటుంది. కోసినప్పుడు సన్న నరాలు తెగడం వల్ల అలా అవుతుంది, నెలల మీద చాలావరకు తగ్గుతుంది. కొందరిలో కొంత మిగులుతుంది కూడా.

మచ్చ ఎర్రగా ఉబ్బింది, దురద పెడుతోంది. సరిగ్గా మానట్లేదా?

మొదటి కొన్ని నెలలు ఎరుపు, గట్టిదనం, దురద మామూలే. మూడో వారం నుంచి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల దాకా మచ్చ లోపల కొలాజెన్ మారుతూనే ఉంటుంది, తొందరలో వేసిన రకం పోయి గట్టి రకం వస్తుంది. గీత హద్దులోనే ఉండి ఉబ్బితే హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు, అది కాలంతో కొంత అణుగుతుంది. హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకితే అది కెలాయిడ్, దాన్ని చర్మ డాక్టర్ చూడాలి. మచ్చ చుట్టూ వేడి, పెరుగుతున్న వాపు, చీము, జ్వరం ఉంటే మాత్రం ఆరోజే ఆస్పత్రికి.

కెలాయిడ్‌ని రుద్ది రుద్ది కరిగించొచ్చా?

కరగదు. గట్టిగా రుద్దితే ఇంకా రెచ్చిపోయే ప్రమాదముంది. చెవి తమ్మె, రొమ్ము ఎముక మీద, భుజం, ఈ చోట్ల కెలాయిడ్ ఎక్కువ వస్తుంది, చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లకి మరీను. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్లు, ఒత్తిడి పట్టీలు దీనికున్న దారులు. ఇది నా చేతిలో పని కాదని వచ్చినవాళ్లకి మొదటి నిమిషంలోనే చెప్పేస్తాను.

## బల్ల మీద పడుకున్నాక

"గడ్డకట్టిన ఫాసియాని విరగ్గొడతాం" అంటున్నారు, అది కుదురుతుందా?

కుదరదు. అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించే మాట ఇదే, ఒకప్పుడు నేనూ చెప్పాను కాబట్టి చిరాకు ఇంకాస్త ఎక్కువ. మందమైన ఫాసియాని చేత్తో ఎంత నొక్కితే దాని ఆకారం మారుతుందని 2008లో కొందరు గణితంతో లెక్కగట్టారు. అరికాలి ఫాసియానీ, తొడ బయటి పట్టీనీ ఒక్క శాతం మార్చాలన్నా మనిషి చేతికి సాధ్యంకాని బలం కావాలని తేలింది. ఆలోచిస్తే అది మంచిదే. వేలితో నొక్కితే సాగిపోయేదైతే ఆ పట్టీ మీ బరువెలా మోస్తుంది?

మరి బల్ల మీంచి లేచేసరికి వదులైనట్టు ఎందుకుంటుంది? ఫాసియాలో స్పర్శని, లాగుడుని కనిపెట్టే నరాల కొసలు చాలా ఉంటాయి. నెమ్మదిగా, నిలకడగా లాగినప్పుడు ఆ కబురు నాడీ వ్యవస్థకి చేరి, అది కండరాన్ని వదులు చేస్తుందని, నొప్పిని పట్టించుకునే తీరు మారుతుందని ఎక్కువమంది అనుకుంటున్నారు. పొరల మధ్య జారుడు కూడా కొంత మెరుగవ్వొచ్చు. ఇంకా మారుతున్న కొత్త మచ్చ అయితే రోజూ ఒకే దిక్కుకి పడే చిన్న లాగుడుకి తగ్గట్టు కొలాజెన్ పోగులు సర్దుకుంటాయి, దానికి నెలలు పడుతుంది. అంటే ఇక్కడ బలం కన్నా ఓపికే ఎక్కువ పని చేస్తుంది.

నొప్పి పుట్టకపోతే పని చేయనట్టేనా?

కాదు. లాగుతున్నట్టు, కాస్త మంటగా, "అబ్బ, అక్కడే" అనిపించేలా ఉండొచ్చు. ఊపిరి బిగబట్టాల్సి వస్తే, పళ్లు కొరుక్కోవాల్సి వస్తే శరీరం ఎదురు తిరుగుతోందని అర్థం, అప్పుడు కండరం వదలకపోగా ఇంకా బిగుసుకుంటుంది. కొత్తలో నేను మోచేత్తో తొడ మీద నొక్కి ఒకాయన కాలు వారం రోజులు కమిలిపోయేలా చేశాను. పాపం ఆయన "బాగా పనిచేసిందండీ" అన్నాడు! ఆ కమిలిన మచ్చ చూసి సిగ్గుపడ్డాను.

కప్పులు పెట్టడం, లోహపు పనిముట్లతో గీకడం చేత్తో చేసేదాని కన్నా మేలా?

మేలని తేలలేదు. పనిముట్టు వాడితే థెరపిస్ట్ వేళ్లకి శ్రమ తగ్గుతుంది, కప్పు పెడితే పొర నొక్కుకోకుండా పైకి లేస్తుంది, కొందరికి అది హాయి. కప్పు దిగాక మిగిలే ఎర్ర గుండ్రాలు విషం బయటికొచ్చిన గుర్తులు కావు, సన్న రక్తనాళాలు చిట్లిన గుర్తులు. కొత్త మచ్చ మీద రెండూ వద్దు.

చేస్తుంటే ఉన్నట్టుండి ఏడుపొచ్చింది, ఏమైంది నాకు?

ఏమీ కాలేదు. ప్రమాదమో, కష్టమైన కాన్పో, పెద్ద జబ్బో మిగిల్చిన మచ్చని చాలాకాలం తర్వాత ఒకరు మెల్లగా తాకితే ఆ రోజులు గుర్తురావడం సహజం. బాధ ఫాసియాలో "నిల్వ" ఉంటుందనే సిద్ధాంతాలు చెప్పే థెరపిస్టులున్నారు. దానికి రుజువు లేదు, మీ ఏడుపుకి ఆ సిద్ధాంతం అవసరమూ లేదు. ఆపమంటే ఆపాలి, అంతే. ఆ జ్ఞాపకాలు నిద్ర పట్టనివ్వకపోతే కౌన్సిలర్‌తో మాట్లాడండి.

అయిపోయాక నీళ్లు ఎక్కువ తాగాలా, టాక్సిన్లు పోవడానికి?

దాహమైతే తాగండి. టాక్సిన్ల సంగతి కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి.

## ఇంట్లో చేసుకునేవాళ్లకి

రోజూ నేనే ఎలా చేసుకోవాలి?

థెరపిస్ట్ దగ్గర వారానికి గంట కన్నా ఇంట్లో రోజూ పది నిమిషాలకే నేను ఎక్కువ విలువిస్తాను. చర్మం పూర్తిగా మూసుకున్న మచ్చ మీద రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారికి ఐదు నుంచి పది నిమిషాలు చేసుకోండి. చేతులు కడుక్కుని, రెండు వేళ్ల కొసలు మచ్చ మీద ఆనించండి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చర్మమే వేళ్లతో పాటు కింది పొర మీద కదలాలి. చాలామంది పొరబడేది ఇక్కడే, పైపైన నూనె రాసుకుంటూ పోతారు. గోరు కొస కాస్త తెల్లబడేంత ఒత్తిడి చాలు. ముందు పైకీ కిందికీ, తర్వాత పక్కలకి, తర్వాత చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. ఎటువైపు కదపబోతే మచ్చ "రాను" అని మొరాయిస్తుందో అటువైపు పట్టి 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఆగండి. కొన్ని వారాలు పోయాక, కాస్త వదులైతే, బొటనవేలు చూపుడువేలు మధ్య మచ్చని మడతలా పట్టి కింది నుంచి లేపి మెల్లగా దొర్లించొచ్చు. అన్నిటికన్నా చివర్లో ఆ చోటుకి సంబంధించిన కీలుని పూర్తిగా కదపండి, దొరికిన వదులుని వాడుకోకపోతే అది నిలవదు. మర్దనతో వచ్చిన ఎరుపు గంటకి కూడా పోకపోయినా, మర్నాడు వాచినా ఎక్కువ నొక్కారన్నమాట.

ఏ నూనె మంచిది? విటమిన్ ఇ రాస్తే మచ్చ పోతుందంటారు?

వాసన లేని, మీ చర్మానికి పడే ఏ క్రీమైనా, నూనైనా చాలు, పని చేసేది వేళ్లు. విటమిన్ ఇ మీద 1999లో 15 మందితో ఒక పరిశోధన చేశారు. 90 శాతం మచ్చల్లో దానివల్ల ఉపయోగం లేకపోయింది, లేదా ఇంకా పాడైంది, మూడోవంతు మందికి చర్మం దద్దురెక్కింది. దాని బదులు ఎండలోకి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయండి, కొత్త మచ్చ ఎండకి నల్లబడితే ఆ రంగు చాలాకాలం వదలదు.

సిలికాన్ షీట్ వాడితే మర్దన మానెయ్యొచ్చా?

రెండూ చేసే పనులు వేరు. సిలికాన్ మచ్చలో తేమని పట్టి ఉంచి ఉబ్బుని తగ్గిస్తుంది, రోజుకి కనీసం 12 గంటల చొప్పున రెండు మూడు నెలలు పెట్టాలి. పొరల్ని కదిపే పని అది చెయ్యదు. స్నానం దగ్గర షీట్ తీసినప్పుడు మర్దన చేసుకుంటే రెండూ జరిగిపోతాయి.

బట్ట తగిలినా జివ్వుమంటోంది, ఇంక మర్దన ఎలా?

మర్దన తర్వాత, ముందు అలవాటు చెయ్యాలి. దూదితో మచ్చ చుట్టూ, తర్వాత మచ్చ మీద రోజుకి మూడు నాలుగుసార్లు రెండేసి నిమిషాలు నిమరండి. అది భరించగలిగాక మెత్తని బట్ట, ఆ తర్వాత గరుకు తువ్వాలు. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఒకే ఒక్క చుక్క మీద వేలు పెడితే కరెంటు షాక్‌లా దూరం వరకు పాకుతుంటే నరం చిక్కుకుని ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించండి.

ఫోమ్ రోలర్ మీద దొర్లితే ఫాసియా సాగుతుందా?

సాగదు. ఓ పది, ఇరవై నిమిషాలు కదలిక పెరిగి హాయిగా ఉంటుంది, ఆలోపు వ్యాయామం చేసుకుంటే ఉపయోగం. ఎముక మీద, మచ్చ మీద దొర్లకండి.

## పాత మచ్చలు, మొండి సమస్యలు

ఇరవై ఏళ్ల మచ్చ ఇది, ఇప్పుడు చేస్తే లాభముంటుందా?

రూపం పెద్దగా మారదు, అందులో కొలాజెన్ ఎప్పుడో స్థిరపడిపోయింది. చుట్టుపక్కల కదలిక, స్పర్శ, లాగుడు మాత్రం మెరుగవ్వొచ్చు. ఆరు వారాలు రోజూ చేసి చూడండి. మొదటిరోజు చెయ్యో, కాలో ఎంత కదులుతోందో ఫోటో తీసి పెట్టుకోండి, లేకపోతే మనసు తనకి నచ్చినట్టు గుర్తుపెట్టుకుంటుంది.

కడుపులో పేగులు అతుక్కున్నాయన్నారు, చేత్తో విడదీస్తారా?

పొట్ట ఆపరేషన్ తర్వాత లోపల అతుకులు పడటం చాలా మామూలు విషయం, ఎక్కువమందికి అవి ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్ అయిన వెంటనే ఎలుకల పొట్టని కదిపితే అతుకులు తక్కువ పడ్డాయని 2012లో ఒక పరిశోధనలో కనిపించింది. అయితే అది ఎలుకల్లో, అదీ అప్పుడే పడుతున్న అతుకుల సంగతి. ముదిరిన అతుకుల్ని పైనుంచి చేత్తో విడదీస్తామనే మాట నమ్మి డబ్బు పోసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. పొట్ట పైపొరల బిగుతు తగ్గించడానికైతే చేయించుకోండి. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకుండా నిలిచిపోతే అది పేగుకి అడ్డంకి కావొచ్చు, థెరపిస్ట్‌కి కాదు, అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక చెయ్యి పైకి లేవట్లేదు, చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరే, క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పాకే. చంకలోంచి మోచేతి వైపు తీగలా బిగిసిన తాళ్లు కనిపిస్తే భయపడకండి, ఆపరేషన్ తర్వాత వారాల్లో అవి వస్తుంటాయి, మెల్లని సాగదీతతో చాలామందికి పోతాయి. రేడియేషన్ తగిలినచోట బిగుతు నెలలకి, ఏళ్లకి కూడా పెరుగుతుంది. ఆ చర్మం పలుచన, కాబట్టి ఒత్తిడి చాలా తక్కువ ఉండాలి. చెయ్యి బరువుగా, ఉంగరం, గాజు బిగుతుగా అనిపిస్తే లింఫ్ వాపు (లింఫ్ అనే ద్రవం చేతిలో నిలిచిపోయి వచ్చే వాపు) మొదలైందేమో ముందు చూపించుకోండి.

## ఆపాల్సిన చోట

ఎవరు అసలు చేయించుకోకూడదు?

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావొచ్చు. దాన్ని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదముంది, ప్రాణం మీదికొస్తుంది. జ్వరం, చర్మపు ఇన్ఫెక్షన్, మానని పుండు, కారణం తెలియని గడ్డ ఉన్నా వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడి చర్మం పలుచబడినవాళ్లు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు, లోపల మెష్ (హెర్నియా లాంటి ఆపరేషన్లలో పెట్టే వల), ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. అడక్కపోయినా చెప్పాలి.

మంచి థెరపిస్ట్ అని ఎలా తెలుస్తుంది?

చెయ్యి వేసే ముందు ఎంతసేపు అడుగుతున్నారో చూడండి. ఎప్పుడు ఆపరేషన్, ఏ మందులు, ఏ కదలిక ఇబ్బంది అని అడిగి, ఆ కదలికని చేయించి చూసి, చివర్లో మళ్లీ అదే చేయించి పోల్చేవాళ్ల దగ్గరికి ధైర్యంగా వెళ్లొచ్చు. ఇంట్లో చేసుకునే పద్ధతి మొదటిరోజే నేర్పాలి. నేర్పకుండా "మీరు చేసుకోలేరు, ప్రతివారం రండి" అంటే మీ మచ్చ కన్నా మీ రాకపోకల మీదే వాళ్లకి ఆసక్తి ఎక్కువ.

ఇంట్లో మర్దన ఎప్పుడు మానెయ్యాలి?

మచ్చ పాలిపోయి, మెత్తబడి, అన్ని వైపులా పక్క చర్మంలాగే కదులుతుంటే ఇక చేసేదేమీ లేదు. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో ఆ రోజు వస్తుంది, చాలామంది మానేసిన సంగతి కూడా గమనించరు.